ఓడ దిగని గరిటమ్మ

జంగారెడ్డిగూడెం,
19 ఫిబ్రవరి 2006, ఆదివారం.

అత్తయ్యకి,

జయపాల్ వందనాలు. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, రెబెక్కా, పాపాయీ కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను.

ముందు ఘనకార్యం చెప్పనీ. నీ మేనల్లుడి పేరు పేపర్లో పడింది! 'ధ్రువ నౌక' సీరియల్‌ చిన్నప్పుడు చూసినవాళ్ళని జ్ఞాపకాలు రాయమని మా వారపత్రికవాళ్ళు అడిగారు. ఎంతమంది రాశారనుకున్నావ్! ఒకాయన నెత్తిన అల్యూమినియం గిన్నె బోర్లించుకుని, నోటితో 'సుయ్' మని తలుపు చప్పుడు చేసుకుంటే గాని గదిలో అడుగుపెట్టేవాడు కాదట. ఇంకొకావిడ ఆ నౌక థర్మోకోల్ అట్టలతో చేసిందని పెద్దయ్యాక తెలిసి ఏడ్చేసిందట. వాళ్ళందరి మధ్యా నేను.

నేను గరిటమ్మ గురించి రాశాను. "అందరూ కెప్టెన్ అనిరుద్ధనీ, మరమనిషి టిక్కునీ తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ నౌకలో వంట చేసే గరిటమ్మే ఇష్టం. తుపాకులు పట్టుకొచ్చిన ఆకుపచ్చ మనుషులకి చద్దన్నంలో ఆవకాయ కలిపి పెట్టి, ఎర్రగా మార్చి పంపించిన మనిషి ఆవిడ. ఏ గ్రహం మీద ఆగినా అందరూ ఓడ దిగేవారు, ఆవిడ దిగేది కాదు. ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండాలి కదర్రా, అనేది." ఇదీ నేను రాసింది. బాగుందా?

ఆ సీరియల్ ఒక్క భాగమైనా నా కళ్ళతో చూడలేదని మాత్రం రాయలేదులే. సంఘ పెద్ద యెహెజ్కేలు గారి అబ్బాయిని కదా, అది మొదలయ్యేవేళకి నాన్న పక్కన చర్చిలో కూర్చుని ఉండేవాణ్ణి. మంచంలో ఉన్న అమ్మకి తోడుగా నువ్వు ఇంట్లో ఉండి చూసి, భోజనాల దగ్గర చెబితే విన్నదే. అమ్మ పోయాక కూడా నువ్వు సాయంత్రం ఆరాధనకే వెళ్ళి, పొద్దున నాకోసం చూసిపెట్టేదానివి. అయితేనేం, నాకంటే పెద్ద అభిమాని ఎవడున్నాడు!

జూన్‌లో పాపాయిని తెచ్చి నీ ఒళ్ళో పెడతాను. రెబెక్కాకి ఆసుపత్రిలో షిఫ్టు డ్యూటీలు, నాకేమో పామాయిల్ తోటల చుట్టూ తిరుగుడు. రాజమండ్రి బదిలీ వచ్చేదాకా దానికి ఒకటో తరగతి మీ ఊళ్ళోనే.

అన్నట్టు మొన్న తోటలోంచి వస్తూ బండి మీంచి పడ్డాను. తలకి చిన్న దెబ్బ. రెండు కుట్లు, అంతే.

ఉంటాను,
జయపాల్

*

పెద్దాపురం,
27 ఫిబ్రవరి 2006.

ఒరేయ్ జయపాల్,

ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి. తలకి దెబ్బ తగిలిన సంగతి ఉత్తరం కొసన రాస్తావట్రా? పేపర్లో పేరు ముందా, తలకాయ ముందా? స్కానింగు తీయించావా? రెబెక్కా నర్సయి ఉండి చూస్తూ ఊరుకుందా? వెంటనే రాయి. ఫోను చెయ్యకు. ఎదురింటివాళ్ళు నన్ను కేకేసి, నేను మోకాలు పట్టుకుని వెళ్ళేసరికి నీ పైసలన్నీ అయిపోతాయి.

గరిటమ్మని పేపరుకెక్కించమని నీకెవరు చెప్పారు? ఇంట్లో మాట ఇంట్లో ఉండాలి. నన్నొక్క మాట అడగకూడదూ? బాగానే రాశావులే. చదివి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలకుండా కూర్చుండిపోయాను.

పాపాయికి చిన్న మంచం చేయించి కిటికీ పక్కన వేయించాను. పక్కింటి అచ్చాయమ్మ వచ్చి దానికి నీలం రంగు వేసి, నాతో టీ తాగి వెళ్ళింది. ఆషాఢంలో మరిడమ్మ జాతర. మనం కొబ్బరికాయ కొట్టకపోయినా రంగులరాట్నం అందరిదీను. దాన్ని ఎక్కిస్తాను. ఈ ఇంట్లో పిల్ల గొంతు వినపడి ఎన్నాళ్ళయిందిరా! జూన్ తొందరగా వస్తే బాగుణ్ణు.

నీ అత్తయ్య,
దీనమ్మ

*

జంగారెడ్డిగూడెం,
19 మార్చి 2006.

అత్తయ్యకి వందనాలు.

స్కానింగు తీశారు, ఏమీ లేదు. కానీ పరువు పోయింది.

ఈ వారం పేపర్లో నా మీద నాలుగు ఉత్తరాలు వేశారు. 'ధ్రువ నౌక'లో గరిటమ్మ అనే పాత్రే లేదట! "జయపాల్ గారు ఏ వంటల కార్యక్రమం చూశారో" అని ఒకరు. మన పెద్దాపురం గణేష్‌బాబు గుర్తున్నాడా? ఆరో తరగతిలో వాడూ గరిటమ్మ లేదన్నాడని ముక్కు మీద గుద్దాను. వాడిప్పుడు కాకినాడ నుంచి రాశాడు: "ఆ గుద్దుకి ఇప్పటికైనా క్షమాపణ చెప్పించండి" అని. ఆఫీసులో నన్ను చూడగానే కూర్లో ఉప్పు సరిపోయిందా అని అడుగుతున్నారు.

రాజమండ్రిలో ఉదయభాస్కర్ అనే ఆయన దగ్గర మొత్తం సీరియల్ సీడీలు ఉన్నాయట. పాపం మంచివాడు, "చూసి మీరే తేల్చుకోండి" అని పంపిస్తున్నాడు. ఈలోగా నిజం చెప్పు అత్తయ్యా. గరిటమ్మ ఉందా, లేదా?

ఇంకో మాట. మంచానికి రంగు వేసింది అచ్చాయమ్మ గారని రాశావు. ఏ అచ్చాయమ్మ గారు? వేరే ఎవరి పేరో రాయబోయి అలా రాశావేమో.

జయపాల్

*

పెద్దాపురం,
28 మార్చి 2006.

నాయనా జయపాల్,

ఏ అచ్చాయమ్మ అంటావేంట్రా? మన గోడవతల పెంకుటింటి అచ్చాయమ్మ. వాళ్ళ జామకాయలు కోస్తూ గోడ మీంచి పడ్డావు, మరిచిపోయావా? లక్షణంగా ఉంది. నిన్ననే సైకిలేసుకుని మార్కెట్‌కి వెళ్ళి నాక్కూడా వంకాయలు తెచ్చిపెట్టింది.

గరిటమ్మ సంగతి అడిగావు. ఉంది. నేను చూశాను. నా రెండు కళ్ళతో చూశాను. తెల్లచుక్కల నీలం చీర, కొప్పు జారకుండా అడ్డంగా గుచ్చిన పెన్సిలు, చేతిలో ఇత్తడి గరిటె. కాస్త గట్టిగా నవ్విందంటే ఆయాసం వచ్చేది. ఆ పేపరువాళ్ళు ఏమైనా రాసుకోనీ. గణేష్‌బాబు నోరు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇంక దాని గురించి నన్నడగొద్దు.

తల నొప్పి పుడుతోందా? కళ్ళు తిరుగుతున్నాయా? దాచకుండా రాయి. తెలిసిన మనుషులు తెలియకపోవడం మంచిది కాదు.

దీనమ్మ

*

జంగారెడ్డిగూడెం,
9 ఏప్రిల్ 2006, మట్టలాదివారం.

అత్తయ్యకి,

సీడీలు వచ్చాయి. నేనూ రెబెక్కా కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూశాం. కెప్టెన్ ఉన్నాడు, టిక్కు ఉన్నాడు, ఆకుపచ్చ మనుషులు ఉన్నారు. గరిటమ్మ లేదు. వంటగదే లేదు. తెల్లచుక్కల నీలం చీర కాదు కదా, ఆ నౌకలో చీర కట్టిన మనిషే లేదు.

పోనీలే, దానికేం. పాపాయికి మన ఇంటి సంగతులు చెబుదామని కొన్ని అడుగుతున్నాను, తీరిగ్గా రాయి. మా పెళ్ళి చేసిన అయ్యగారి పేరేంటి? నాన్న ఏ ఊళ్ళో పుట్టారు? నేను ఏ చెయ్యి విరక్కొట్టుకున్నాను? నువ్వు రిటైరైంది ఏ స్కూల్లో? పొద్దున ఏం తిన్నావు?

మందులు ఎవరైనా దగ్గరుండి ఇస్తున్నారా? స్టవ్ కట్టేశాక ఒకసారి మళ్ళీ చూసుకో.

జయపాల్

*

పెద్దాపురం,
18 ఏప్రిల్ 2006.

నా తండ్రీ జయపాల్,

నీ ఉత్తరం చదివినప్పటినుంచీ నా గుండె గుండెలో లేదు. ఈస్టరు ఆరాధనలో కూడా నీ గురించే మోకరించాను. నీ పెళ్ళి చేసిన అయ్యగారి పేరు నన్నడుగుతున్నావేంట్రా! మీ నాన్న పుట్టిన ఊరు తెలియడం లేదా నీకు? విరిగింది ఎడమ చెయ్యి నాన్నా. చూసుకో, మోచెయ్యి ఇప్పటికీ కాస్త వంకర ఉంటుంది. అయ్యగారు మోషే గారు. మీ నాన్న పుట్టింది సామర్లకోటలో. నేను రిటైరైంది నువ్వు చదివిన స్కూల్లోనే. పొద్దున పెసరట్టు తిన్నాను. అది తెలుసుకుని నువ్వేం చేస్తావు?

భయపడకు. తలకి దెబ్బ తగిలితే కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందట, మెల్లగా అన్నీ గుర్తొస్తాయట. రెబెక్కాకి చెప్పావా, దాస్తున్నావా? నా దగ్గర మూడో తరగతి చదివిన చంద్రరావు జీడిపప్పు బేరం మీద మీ ఊరు వస్తున్నాడు. అతని చేత బ్రాహ్మీ తైలం పంపిస్తున్నాను. రోజూ మాడుకి మర్దనా చేయించుకో. అతన్ని నిన్ను నాలుగు మాటలు అడిగి రమ్మన్నాను. ఏమీ అనుకోకు.

పాపాయి మంచానికి దోమతెర కూడా కొన్నాను.

నీ అత్తయ్య

*

జంగారెడ్డిగూడెం,
1 మే 2006.

అత్తయ్యకి,

చంద్రరావు గారు వచ్చారు. నా ముఖం ముందు మూడు వేళ్ళు ఆడించి "ఇవి ఎన్నండీ?" అని అడిగారు. తర్వాత మా పెళ్ళి ఫోటో చూపించి ఇందులో మీరెవరండీ అన్నారు. రెబెక్కా నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకేమీ కాలేదు అత్తయ్యా. ఆ ప్రశ్నలు నాకోసం కాదు, నీకోసం.

కోపం తెచ్చుకోకుండా చదువు. అచ్చాయమ్మ గారు పోయి రెండేళ్ళయింది. నేనే వచ్చి పాడె వెనకాల నడిచాను. ఆవిడ పాపాయి మంచానికి రంగు వేయడం, ఎనభై దాటిన మనిషి సైకిల్ తొక్కడం ఎలా జరుగుతుంది? టీవీలో లేని గరిటమ్మని కళ్ళతో చూశానంటున్నావు, చీర మీద చుక్కలతో సహా. మా ఆసుపత్రి డాక్టరు గారిని రెబెక్కా అడిగితే, ఈ వయసులో మతిమరుపు ఇలాగే మొదలవుతుందన్నారు.

అందుకని పాపాయిని ఈ ఏడు ఇక్కడే చేరుద్దామనుకుంటున్నాం. ఈ మాట రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు తెలియదు. నన్ను పెంచిన చేతులకి నా బిడ్డని ఇవ్వనని రాస్తున్నాను. నువ్వే ఇక్కడికి వచ్చి మాతో ఉండు. రాజమండ్రిలో మంచి డాక్టరుకి చూపిస్తాను.

పాపాయికి ఇంకా చెప్పలేదు. రోజూ సంచీ సర్దుకుంటోంది. మొన్న అదీ మాతోపాటు సీడీ చూస్తూ, వాళ్ళు మాత్రలు మింగుతుంటే "వీళ్ళకి అన్నం ఎవరూ పెట్టరా నాన్నా?" అని అడిగింది.

జయపాల్

*

పెద్దాపురం,
8 మే 2006.

జయపాల్,

కోపం తెచ్చుకోవద్దంటే రాకుండా ఉంటుందట్రా? ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఎక్కాలు చెప్పినదాన్ని, నాకు పరీక్ష పెడతావా? పెట్టినవాడివి మార్కులైనా వేశావు కావు.

ముందు అచ్చాయమ్మ సంగతి. ముసలి అచ్చాయమ్మ పోయింది. నాకు తెలియదా? దాని చివరి మాట విన్నది నేను. ఇప్పుడున్నది దాని మనవరాలు. వాళ్ళింట్లో నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టడం మామూలే కదా! ఇంతకాలం యానాంలో వాళ్ళమ్మ దగ్గర ఉండేది. ఇక్కడ కంప్యూటర్ నేర్చుకుందామని వచ్చి ఆ ఇంట్లో ఉంటోంది. దానికి పంతొమ్మిదేళ్ళు. సైకిలే కాదు, వాళ్ళ బాబాయి మోటారు సైకిలు కూడా తోలుతుంది. ఆవిడ పోయింది కదా అని నువ్వు ఒక్క ముక్క అడిగితే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. నువ్వేమో జామకాయలు కూడా మరిచిపోయావని నేను ఏడుస్తూ కూర్చున్నాను.

ఇంక గరిటమ్మ. ఇది చెప్పకూడదనుకున్నాను. మీ అమ్మకి మాటిచ్చాను. కానీ నీ ఉత్తరం కొసన పాపాయి అడిగిన మాట చదివాక ఆగలేకపోయాను. ఆ మాట నేనింతకు ముందు విన్నాను.

నీకు పదేళ్ళు. మా వదిన సంపూర్ణమ్మకి, అదే మీ అమ్మకి, గుండె పెరిగిందని కాకినాడ డాక్టర్లు మంచం దిగొద్దన్నారు. ఆదివారం మీరంతా చర్చికి వెళితే నేను తోడుండేదాన్ని. ఒకనాడు ఆ సీరియల్ పెట్టాను. ఆ నౌకలో వాళ్ళు గబగబా మాత్రలు మింగుతున్నారు. మీ అమ్మ అదే పనిగా చూసి, "దీనమ్మా, వీళ్ళకి అన్నం ఎవరూ పెట్టరా? ఇన్నేళ్ళు మాత్రలు మింగి బతుకుతారా? నేను మింగుతున్నది చాలదూ?" అంది. అని, దిండు కింద పెట్టుకున్న పెన్సిలు తీసి కొప్పులో గుచ్చుకుని, నా చేతిలో ఇత్తడి గరిటె లాక్కుని, "రండర్రా, వడ్డించేశాను" అని టీవీలో వాళ్ళని పిలిచింది. ఆ రోజు కట్టుకున్నది తెల్లచుక్కల నీలం చీర. నవ్వి నవ్వి ఆయాసం వచ్చి, మాత్ర వేయాల్సి వచ్చింది.

నేను చూశానన్నాను. టీవీలో చూశానని ఎప్పుడైనా అన్నానా? నా ఉత్తరాలు తీసి చూసుకో.

అదిగో, ఆ రోజునుంచి ప్రతి ఆదివారం ఆవిడ కథ కట్టడం, నేను మీకు చెప్పడం. ఆకుపచ్చ మనుషులకి ఆవకాయ పెట్టింది మీ అమ్మే. ఓడ దిగకుండా కూర్చున్నది ఎందుకో ఇప్పుడైనా తెలిసిందా? మనం భోజనాల దగ్గర నవ్వుతుంటే పక్కగదిలోంచి తనూ వినేది. నువ్వే చెప్పు వదినా, వాడు సంతోషిస్తాడు అన్నాను. ఒప్పుకోలేదు. "నాదని తెలిస్తే నాతోపాటే అయిపోతుంది దీనమ్మా. టీవీలోదనుకుంటే ప్రతి ఆదివారం వస్తుంది. నువ్వు ఆపకు" అంది.

ఆపలేదు. తను పోయిన వారం కూడా చెప్పాను. నీకు గుర్తుందో లేదో, ఆ రోజు అన్నం ముట్టని నువ్వు గరిటమ్మ ఏం వండిందని అడిగి రెండు ముద్దలు తిన్నావు. అక్కడనుంచి నాలుగేళ్ళు ఆ సీరియల్ ఎప్పుడు ఆగిపోతుందోనని హడిలిపోతూ చూసినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. చివరి భాగం రోజున గరిటమ్మ దిగిందా అత్తయ్యా అని అడిగావు. దిగిందనడానికి నాకు మనసొప్పలేదు. పొయ్యి మీద పప్పు ఉంది, దించి వస్తుందిలే అన్నాను.

ఇదీ నా మతిమరుపు. ఇంక పిల్లని పంపుతావో, డాక్టరునే పంపుతావో నీ ఇష్టం. దోమతెర మాత్రం ఎవరికీ ఇవ్వను.

నీ అత్తయ్య,
దీనమ్మ

*

జంగారెడ్డిగూడెం,
14 మే 2006.

అత్తయ్యా,

ఉత్తరం చర్చి నుంచి వచ్చాక విప్పాను. చదువుతూ చదువుతూ ఆగిపోతే రెబెక్కా తీసుకుని మిగతాది పైకి చదివింది. ఇద్దరం ఏడ్చాం, తర్వాత నవ్వాం. గుండెల మీంచి బస్తా దించినట్టుంది. నీకేమీ కాలేదు! ఇన్నాళ్ళు నీ ఉత్తరం వస్తే విప్పడానికి భయపడ్డాను.

అమ్మ గురించి నాకు గుర్తున్నది మందుల వాసన, మాట్లాడొద్దని చేసే సైగలు. అంతే అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఆవిడ చెప్పిన కథలు ఒక్కటీ పోకుండా నా దగ్గరే ఉన్నాయని నాకు తెలియదు. మా అమ్మ నన్ను ఇంత నవ్వించిందా అత్తయ్యా!

పేపరుకి ఏమీ రాయను. లేదనే అనుకోనీ. గణేష్‌బాబుకి మాత్రం క్షమాపణ చెబుతూ కార్డు రాశాను. ముక్కు వాడిదే కదా.

నాకు వందకి సున్నా వేసుకుని, నీకు వందకి వంద వేస్తున్నాను. జూన్ పదిన పొద్దున బస్సుకి ముగ్గురం వస్తున్నాం. పాపాయికి గరిటమ్మ కథ మొదటినుంచీ నువ్వే చెప్పాలి. బ్రాహ్మీ తైలం వెనక్కి తెస్తున్నాను, మోకాళ్ళకి పనికొస్తుందేమో చూడు.

జయపాల్

*

పెద్దాపురం,
27 జూన్ 2006.

నాన్నా జయపాల్,

పాపాయి నువ్వు లేవని రెండు రోజులు దిగాలుపడింది, మూడో రోజు నీ పేరెత్తలేదు. స్కూలుకి అచ్చాయమ్మ సైకిలు మీద దింపుతోంది. అంటే చిన్న అచ్చాయమ్మ. విడమరిచి రాయకపోతే మళ్ళీ డాక్టర్ని తీసుకొస్తావు.

జాతర మొదలైంది. రంగులరాట్నం ఎక్కి, దిగనని గోల చేసింది. నీలాగే.

రోజూ అన్నం తినేటప్పుడు గరిటమ్మ కావాలి. నాకు గుర్తున్నవన్నీ అయిపోవస్తున్నాయి. నిన్న పప్పన్నం కలుపుతూ, చివరికి నీకు చెప్పినట్టే చెప్పాను: అందరూ దిగారు, గరిటమ్మ మాత్రం పప్పు దించి వస్తానని ఓడలోనే ఉండిపోయింది అని.

పాపాయి ముద్ద నోట్లో పెట్టుకుని, "లేదు, దించేసింది. ఓడ దిగేసింది కూడా" అంది.

"ఎక్కడ దిగిందే?" అన్నాను.

నా చేతిలో గరిటె వైపు చూసి, "ఇక్కడే. మనింట్లో" అంది.

వీలు చూసుకుని రెబెక్కాని తీసుకుని ఒక ఆదివారం భోజనానికి రండి. చర్చి నుంచి తిన్నగా ఇంటికే.

నీ అత్తయ్య,
దీనమ్మ